ఇంటెన్సిఫై: అర్థం, వాడుక, తుపాను బులెటిన్లలో దాని స్థానం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంటెన్సిఫై అనే ఆంగ్ల క్రియ నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఎక్కువగా ఎదురయ్యేది అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య, ఈశాన్య రుతుపవనాల కాలంలో వెలువడే తుపాను బులెటిన్లలోనే. ఆ బులెటిన్‌ను తెలుగులోకి తెచ్చే విలేకరులు, దానిని చూసి వేటకు వెళ్ళాలో వద్దో నిర్ణయించుకునే తీరగ్రామాల వారు, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు, రొయ్యల చెరువుల సాగుదారులు ఈ మాటను గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ఇంటెన్సిఫై అంటే సూటిగా అర్థం ఏమిటి?

అప్పటికే ఉన్న ఒక బలం, గుణం లేదా అనుభూతి మునుపటికంటే తీవ్రం కావడం, లేదా దానిని ఎవరైనా తీవ్రం చేయడం అని అర్థం. ఈ నిర్వచనంలో రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, ఆ విషయం అప్పటికే ఉండి ఉండాలి. లేనిది కొత్తగా పుట్టడాన్ని ఈ మాట చెప్పదు. రెండవది, పెరిగేది తీవ్రత కావాలి. సంఖ్య గానీ, విస్తీర్ణం గానీ, దగ్గరతనం గానీ పెరిగినప్పుడు ఈ మాట వర్తించదు. ఒంగోలు జాతి పశువుల సంఖ్య పెరిగితే అది ఇంటెన్సిఫై కాదు. ఆ జాతిని కాపాడే కృషి మునుపటికంటే పట్టుదలగా సాగితే అది ఇంటెన్సిఫై. ఈ మాట విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండవ షరతును మరచిపోవడం వల్లనే జరుగుతున్నాయి.

దీనిని ఎలా పలకాలి? దీని రూపాలు ఏవి?

ఇన్-టెన్-సి-ఫై అని నాలుగు అక్షరాలుగా పలకాలి; ఊనిక రెండవ అక్షరమైన ‘టెన్’ మీద పడుతుంది. ఇంటెన్సిఫైస్, ఇంటెన్సిఫైడ్, ఇంటెన్సిఫైయింగ్ అనేవి క్రియారూపాలు. ఇంటెన్సిఫికేషన్ అంటే తీవ్రమయ్యే ప్రక్రియ. ఇంటెన్సిటీ అంటే ఒకానొక క్షణంలో ఉన్న తీవ్రత.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మూలం లాటిన్. బిగించి లాగడం, సాగదీయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ‘ఇంటెన్స్’ అనే విశేషణం ఏర్పడింది. వీణ తీగను బిగించే కొద్దీ తీగ పొడవు పెరగదు, స్థాయి పెరుగుతుంది. ఈ మాటలోని తీవ్రత కూడా అటువంటిదే. దానికి ‘ఫై’ చేర్చి క్రియగా మార్చి 1817లో అచ్చులో వాడినవాడు ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్. ఈ మాట నిఘంటువులలో లేదని తనకు తెలుసునని, ‘రెండర్ ఇంటెన్స్’ అని రెండు మాటలలో చెబితే వాక్యం విరిగిపోతున్నదని ఆయన అక్కడే ఒక అధోజ్ఞాపికలో సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు. నేడు ప్రతి వాతావరణ బులెటిన్లోనూ కనిపించే మాట ఒక కవి అవసరం కొద్దీ పుట్టిందన్నది ముచ్చటైన సంగతే.

ఇది తనంతట తాను జరిగేదా, ఎవరైనా చేసేదా?

రెండూ. ‘ది డిప్రెషన్ ఇంటెన్సిఫైడ్’ అన్నప్పుడు వాయుగుండం తానే బలపడింది. కర్మ అవసరం లేదు. ‘ది పోలీస్ ఇంటెన్సిఫైడ్ ది సెర్చ్’ అన్నప్పుడు పోలీసులు గాలింపును ముమ్మరం చేశారు, కర్మ తప్పనిసరి. తెలుగులో ఈ తేడా ‘అయింది’, ‘చేశారు’ అనే సహాయక క్రియలతో తేలికగా తెలుస్తుంది. ఆంగ్లంలో మాత్రం క్రియ రూపం మారదు కనుక దాని తరువాత ఏమి వచ్చిందో చూసుకోవాలి. పరీక్షలలో ‘ది స్టార్మ్ వాజ్ ఇంటెన్సిఫైడ్’ అని రాయడం తరచుగా కనిపిస్తుంది. తుపానును వెచ్చని సముద్రం బలపరిచిందని చెప్పదలచుకుంటే ఆ వాక్యం చెల్లుతుంది. ఊరికే బలపడిందని చెప్పడానికి ‘వాజ్’ అక్కరలేదు.

వాతావరణ బులెటిన్లో ఇంటెన్సిఫై అని ఉంటే ఖచ్చితంగా ఏమి జరిగినట్టు?

అక్కడ ఇది వర్ణన కోసం వాడిన మాట కాదు, కొలతతో ముడిపడిన పారిభాషిక పదం. భారత వాతావరణ శాఖ అల్పపీడన వ్యవస్థలను వాటిలోని గాలి వేగాన్ని బట్టి మెట్లుగా విభజించింది. గాలి నిలకడ వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే అది వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను. పేరు పెట్టేది ఈ మెట్టు దగ్గరే. 89 దగ్గర తీవ్ర తుపాను, 118 దగ్గర అతి తీవ్ర తుపాను మొదలవుతాయి. ఆ పైన 167 దగ్గర మొదలయ్యే మెట్టును తెలుగు పత్రికలు పెను తుపాను అని, అత్యంత తీవ్ర తుపాను అని రకరకాలుగా రాస్తున్నాయి. 222 దాటితే సూపర్ సైక్లోన్. ‘ఇంటెన్సిఫైడ్ ఇంటు’ అని బులెటిన్లో ఉన్నదంటే ఆ వ్యవస్థ ఒక మెట్టు దాటి పై మెట్టులోకి అడుగుపెట్టిందని అర్థం.

నిలకడ వేగం అంటే మన దేశంలో మూడు నిమిషాల సగటు. అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటును తీసుకుంటాయి కనుక ఒకే తుపానుకు వారి అంకె మన అంకెకంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు వెబ్‌సైట్లు చూసి, తుపాను గంటలోనే బలపడిందని వాట్సాప్‌లో ప్రచారం చేసేవారు ఈ తేడాను గమనించాలి.

ఇంకొక సంగతి. గాలి వస్తువుల మీద చూపే ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి 120కి చేరితే రేకుల కప్పు మీద, కొబ్బరి చెట్టు మీద పడే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. అందువల్ల పై మెట్లలో జరిగే ఇంటెన్సిఫికేషన్‌ను కింది మెట్లలో జరిగే దానితో సమానంగా చూడకూడదు.

‘లైక్లీ టు ఇంటెన్సిఫై ఫర్దర్’ అంటే ఏమని తెలుసుకోవాలి?

ఇంకా బలపడే అవకాశం ఉన్నదని. ‘ఫర్దర్’ అంటే ఇప్పటికే ఒకసారి బలపడినది మరికొంత బలపడుతుందని సూచన. ‘గ్రాడ్యువల్లీ’ ఉంటే క్రమంగా అని, ‘స్లైట్లీ’ ఉంటే స్వల్పంగా అని గ్రహించాలి. ‘మెయింటైన్ ఇట్స్ ఇంటెన్సిటీ’ అని ఉంటే ఉన్న బలంతోనే కొనసాగుతుందని; దానిని ‘బలపడుతుంది’ అని అనువదించడం తప్పు. ‘లైక్లీ’ అనే మాటను వదిలేసి ‘బలపడనుంది’ అని శీర్షిక పెట్టడం పాఠకుడికి అందవలసిన సమాచారంలో సగం తీసివేయడమే. అంచనాను జరిగిపోయిన విషయంగా చెప్పి, అది జరగనప్పుడు వాతావరణ శాఖను నిందించడం న్యాయం కాదు.

తుపాను ఇంటెన్సిఫై అయితే మన వైపు దగ్గరకు వస్తున్నట్టేనా?

కాదు. బలం వేరు, మార్గం వేరు. తీరానికి 600 కిలోమీటర్ల దూరంలో నిలకడగా ఉన్న వాయుగుండం అక్కడే బలపడవచ్చు. బలపడుతూ ఇంకొక దిక్కుకు పోవచ్చు. బులెటిన్లో మార్గానికి ‘మూవ్డ్’ (కదిలింది), ‘రీకర్వ్’ (దిశ మార్చి వంపు తిరగడం), ‘క్రాస్’ (తీరం దాటడం) అనే వేరే మాటలు ఉంటాయి. మైపాడులోనో, కొత్తపట్నంలోనో ఉన్నవారికి ముందుగా కావలసినది మార్గం. బలం దాని తరువాత.

బలపడితే వాన కూడా పెరుగుతుందా?

ఈ ప్రశ్నకు మన ప్రాంతపు అనుభవమే సరైన సమాధానం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై నగరాల మధ్య తీరం దాటిన వ్యవస్థ కేవలం వాయుగుండం. అది తుపాను కాలేదు, దానికి పేరు కూడా లేదు. అయినప్పటికీ దాని వల్ల చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాలలో కురిసిన వానలకు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగి నెల్లూరు పరిసరాలను ముంచింది. పడుగుపాడు దగ్గర రైలు మార్గం, జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయాయి. గాలి మెట్ల లెక్కలో అది కింది మెట్టు. వరద లెక్కలో తరాలు గుర్తుంచుకునే ఉత్పాతం.

2023 డిసెంబరులో వచ్చిన మిగ్‌జాం తీవ్ర తుపాను మెట్టుకు చేరి, 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటింది. తీరానికి సమాంతరంగా, నెమ్మదిగా ఉత్తరానికి కదలడం వల్ల అది తాకిన చోటుకంటే దారిలో ఉన్న చోట్ల, ముఖ్యంగా చెన్నైలో, తీరం దాటకముందే భారీ వాన కురిపించింది. వాన ఎంత పడుతుందన్నది గాలి వేగంతో పాటు వ్యవస్థ కదలిక, దానిలోని తేమ, అది ఎంతసేపు ఒకేచోట నిలిచిందన్నది, పడమటి కొండలు వీటన్నిటిమీద ఆధారపడి ఉంటుంది.

అందుకే వాతావరణ శాఖ వానకు వేరే కొలబద్ద పెట్టింది. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ వర్షం, 204.4 మించితే అత్యంత భారీ వర్షం. వాయుగుండం బలహీనపడిందన్న వార్త విని ఊపిరి పీల్చుకునే ముందు వానకు సంబంధించిన ఈ రెండవ వరుసను కూడా చదవాలి. మా అభిప్రాయంలో తెలుగు వార్తలలో ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే. గాలి మెట్టును శీర్షికలో వేసి, వాన హెచ్చరికను చివరి వాక్యానికి నెట్టివేయడం.

ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్ అంటే ఏమిటి? అది ఎందుకు జరుగుతుంది?

24 గంటల వ్యవధిలో గాలి నిలకడ వేగం 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు లేదా అంతకుమించి పెరగడాన్ని ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్ అంటారు. రాత్రి పడుకునేటప్పుడు తుపానుగా ఉన్నది మరునాటి రాత్రికి అతి తీవ్ర తుపాను కావచ్చునన్నమాట.

తుపానుకు ఇంధనం సముద్రపు వేడి. నీటి ఉష్ణోగ్రత 26.5 డిగ్రీల సెల్సియస్ మించి, ఆ వెచ్చదనం పైపొరకే పరిమితం కాక లోతుకు కూడా ఉన్నప్పుడు నీరు విరివిగా ఆవిరై పైకి పోతుంది. పైన ఆ ఆవిరి మబ్బుగా మారేటప్పుడు తనలో దాగి ఉన్న వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కేంద్రంలో పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టుపక్కల గాలి ఇంకా వేగంగా లోపలికి వస్తుంది, దానితో సముద్రం నుంచి ఇంకా ఎక్కువ నీరు ఆవిరవుతుంది. ఈ చక్రం ఆగకుండా తిరగాలంటే ఎత్తు పెరిగే కొద్దీ గాలి దిశ, వేగం పెద్దగా మారకూడదు, మధ్య పొరలలో పొడిగాలి చొరబడకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తుపాను ఒరిగిపోయి బలం కోల్పోతుంది. మార్గాన్ని అంచనా వేయడంకంటే ఈ వేగవంతమైన బలపడటాన్ని అంచనా వేయడం నేటికీ కష్టమైన పనే.

1989 నవంబరు నాటి కావలి తుపాను ఇందుకు మన జిల్లాకు సంబంధించిన ఉదాహరణ. అది బంగాళాఖాతంలో పుట్టలేదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో టైఫూన్‌గా తయారై, అక్కడ సీక్రెస్ట్ అనే చమురు తవ్వే నౌకను బోల్తా కొట్టించి 91 మందిని బలిగొని, 4వ తేదీన ఆ దేశపు చుంఫోన్ ప్రాంతం మీదుగా భూభాగాన్ని దాటి ఇటు వచ్చింది. భూమి మీద కొంత బలం తగ్గినా, బంగాళాఖాతంలో పడమరగా సాగుతూ మళ్ళీ బలపడింది. భారత వాతావరణ శాఖ లెక్కలో గంటకు 230 కిలోమీటర్లు, అమెరికా లెక్కలో 260 కిలోమీటర్ల గాలివేగానికి చేరి, ఆ నెల రెండవ వారంలో కావలి సమీపంలో తీరం దాటింది. నేటి మెట్ల ప్రకారం అది సూపర్ సైక్లోన్ స్థాయి. భూమిని తాకినది మళ్ళీ సముద్రంలో పడితే ‘రీ-ఇంటెన్సిఫై’ కావచ్చునన్నదానికి కూడా ఇదే ఉదాహరణ.

కృష్ణపట్నం ఓడరేవులో హెచ్చరిక సంఖ్య పెరిగితే తుపాను ఇంటెన్సిఫై అయినట్టేనా?

కొన్ని సంఖ్యలకు అవును, కొన్నిటికి కాదు. ఒకటవ నంబరు దూరంగా సముద్రంలో వాయుగుండం ఉన్నదని, రెండవది దూరంగా తుపాను ఉన్నదని తెలుపుతాయి. ఇక్కడ సంఖ్యతో పాటు బలం పెరిగింది. మూడు, నాలుగు ఆ రేవుకే వర్తించే స్థానిక హెచ్చరికలు. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవును ఎడమవైపున ఉంచి దాటుతుందా, కుడివైపున ఉంచి దాటుతుందా, రేవు మీదుగానే వస్తుందా అన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే క్రమంలో తీవ్ర తుపానుకు చెందినవి. పదకొండు అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని. ఐదవ నంబరు తీసి ఆరవ నంబరు ఎగురవేసినప్పుడు ‘తుపాను మరింత బలపడింది’ అని రాయడానికి ఆధారం లేదు. మారినది దిక్కు మాత్రమే.

ఇంటెన్సిఫై అనే మాటను తెలుగులోకి ఎలా తేవాలి?

ఒకే మాటతో తేలేము. తెలుగు ఈ భావాన్ని విషయాన్ని బట్టి వేర్వేరు క్రియలతో చెబుతుంది, అందులోనే దాని అందం ఉన్నది. తుపాను బలపడుతుంది. వాన జోరందుకుంటుంది. వరద ఉధృతమవుతుంది. ఎండ ముదురుతుంది, తగాదా కూడా ముదురుతుంది. గాలింపు ముమ్మరమవుతుంది. ఎన్నికల ప్రచారం ఊపందుకుంటుంది. రంగు చిక్కనవుతుంది. నొప్పి ఎక్కువవుతుంది. నెల్లూరు చేపల పులుసును గురించి ఆంగ్లంలో వంటల వ్యాసం రాసేవారు ‘ఫ్లేవర్స్ ఇంటెన్సిఫై ఓవర్‌నైట్’ అంటారు. మనం మాత్రం మరునాటికి ముక్కకు పులుపు పట్టి రుచి పెరుగుతుందని అంటాము. ఆ చోట ‘రుచులు తీవ్రతరమవుతాయి’ అని రాస్తే పులుసు తినాలనిపించదు.

ఇప్పుడు పత్రికలలోనూ, టీవీలోనూ ‘తీవ్రతరం’ అనే ఒక్క మాట ఈ క్రియలన్నిటినీ తోసివేసి కూర్చున్నది. ఆందోళన తీవ్రతరం, చర్యలు తీవ్రతరం, చలి తీవ్రతరం, నిఘా తీవ్రతరం. మాటలో తప్పు లేదు. తగని చోట కూడా దానినే వాడటంలో ఉన్నది. పైగా సంస్కృతంలో ‘తర’ ప్రత్యయమే ‘ఇంకా ఎక్కువ’ అనే అర్థాన్ని ఇస్తుంది కనుక తీవ్రతరం అంటేనే మరింత తీవ్రం. దాని ముందు మళ్ళీ ‘మరింత’ చేర్చి ‘మరింత తీవ్రతరం’ అనడం పునరుక్తి. ఒకే శబ్దాన్ని వాడి తీరాలంటే ‘తీవ్రం’ అన్నా సరిపోతుంది.

ఇంకొక మెలకువ: వాయుగుండం తీవ్ర వాయుగుండంగా మారిందన్న వార్తలో ‘తీవ్ర’ అనేది మెట్టు పేరు. ‘వాయుగుండం తీవ్రమైంది’ అని రాస్తే మెట్టు మారిందో, ఊరికే బలం పెరిగిందో పాఠకుడికి తెలియదు. బులెటిన్లో మెట్టు పేరు ఉన్నప్పుడు దానిని ఉన్నదున్నట్టుగా తేవాలి.

ఇంక్రీజ్, ఎస్కలేట్, అగ్రవేట్ అనే మాటలతో దీనికి తేడా ఏమిటి?

ఇంక్రీజ్ దేనికైనా చెల్లుతుంది: ధర, సంఖ్య, దూరం, వయసు. నిమ్మకాయల ధర గూడూరు మార్కెట్‌లో ఇంక్రీజ్ అవుతుంది, ఇంటెన్సిఫై కాదు. ఎస్కలేట్‌లో మెట్టు వెనుక మెట్టు ఎక్కే భావం, ఎక్కువగా ఇరుపక్షాల పోరు ఉంటాయి. నీళ్ళ వాటా మీద రెండు ఊళ్ళ మధ్య మాటలు పెరిగి ధర్నాలకు, కేసులకు దారితీస్తే అది ఎస్కలేట్. అగ్రవేట్, ఎగ్జాసర్బేట్ అనేవి చెడుకు మాత్రమే వాడాలి. ఉన్న కష్టాన్ని ఇంకా చెడగొట్టడం. ఇంటెన్సిఫై మంచికీ చెడుకూ సమానం. ప్రేమ కూడా ఇంటెన్సిఫై అవుతుంది, కరవు కూడా అవుతుంది. పశ్చిమ ప్రకాశంలో వానలు మొహం చాటేసిన ఏడాది గురించి రాసేటప్పుడు ‘డ్రాట్ ఇంటెన్సిఫైడ్’ అంటే కరవే ముదిరింది. ‘లాక్ ఆఫ్ బోర్‌వెల్స్ అగ్రవేటెడ్ ది డ్రాట్’ అంటే ఉన్న కరవుకు బోర్ల కొరత తోడై దానిని దుర్భరం చేసింది.

ఇంటెన్స్, ఇంటెన్సివ్ ఒకటేనా?

ఒకటి కాదు. ఇంటెన్స్ అనుభవంలోని తీవ్రత: ఇంటెన్స్ హీట్, ఇంటెన్స్ పెయిన్. ఇంటెన్సివ్ పద్ధతిలోని సాంద్రత: తక్కువ చోటులోనో, తక్కువ కాలంలోనో ఎక్కువ శ్రద్ధను, వనరులను పెట్టడం. ఆసుపత్రిలోని ఇంటెన్సివ్ కేర్ అందుకే ఇంటెన్స్ కేర్ కాలేదు.

రొయ్యల సాగు చేసేవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. చెరువులో చదరపు మీటరుకు ఎంత పిల్ల వదిలారన్నదానిని బట్టి ఎక్స్‌టెన్సివ్, సెమీ ఇంటెన్సివ్, ఇంటెన్సివ్ అని సాగును విభజిస్తారు. వదిలిన పిల్ల సంఖ్య పెరిగే కొద్దీ ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు), మేత, కరెంటు, నీటి పరీక్షలు పెరుగుతాయి. రిస్కు కూడా పెరుగుతుంది. వనామీ రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలను మించరాదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ 2009 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. ‘ఇంటెన్సిఫికేషన్ ఆఫ్ ఆక్వాకల్చర్’ అని నివేదికలలో కనిపిస్తే చెరువుల విస్తీర్ణం పెరిగిందని పొరబడకూడదు. ఉన్న చెరువులోనే సాగు చిక్కబడిందని అర్థం.

శ్రీ వరిలోని ‘ఇంటెన్సిఫికేషన్’ ఇదేనా? అక్కడ విత్తనం తగ్గిస్తారు కదా?

అదే మాట. ‘సిస్టమ్ ఆఫ్ రైస్ ఇంటెన్సిఫికేషన్’ అనే పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘శ్రీ’ అయింది. మడగాస్కర్‌లో 1980లలో ఒక ఫ్రెంచి మతగురువు రైతులతో కలిసి రూపొందించిన ఈ పద్ధతి 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాలకు వచ్చింది. మామూలు నాట్లకు ఎకరానికి 20 నుంచి 30 కిలోల విత్తనం పడితే ఇక్కడ రెండు కిలోలు చాలు. 8 నుంచి 12 రోజుల లేత నారును, కుదురుకు ఒక్క మొక్క చొప్పున, 25 సెంటీమీటర్ల ఎడంతో నాటి, నీరు నిలవగట్టకుండా ఆరుతడిగా ఇస్తూ, కలుపును కోనోవీడర్‌తో (చేతితో నెట్టే కలుపు యంత్రంతో) మట్టిలోకి తొక్కిస్తారు.

విత్తనం, నీరు తగ్గిన పద్ధతికి ఇంటెన్సిఫికేషన్ అనే పేరేమిటని పెన్నా డెల్టా రైతు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. చిక్కబడినది మొక్కల సంఖ్య కాదు. ఒక్కొక్క మొక్క మీద పెట్టే శ్రద్ధ, వేరు పెరిగే తీరు, పిలకలు వేసే శక్తి. కూలీల కొరత వల్ల, లేత నారును నాటే నేర్పు దొరకక చాలామంది దీనిని వదిలివేశారన్నది వేరే సంగతి.

వ్యాకరణంలో ఇంటెన్సిఫయర్ అంటే?

విశేషణానికి బలం చేకూర్చే మాట: వెరీ, ఎక్స్‌ట్రీమ్లీ, సో వంటివి. తెలుగులో చాలా, మరీ, అతి, మహా వంటి మాటలు ఈ పని చేస్తాయి. మన పల్లెలలో ‘శానా’ అన్నా అదే. వీటితో పాటు ఒక్కొక్క నామవాచకానికే అతుక్కుని ఉండే మాటలు కూడా తెలుగులో ఉన్నాయి: కటిక చీకటి, పచ్చి అబద్ధం, నిలువు దోపిడి, కారు మబ్బు. చీకటికి కటిక చెల్లుతుంది, వెలుతురుకు చెల్లదు. చిట్టచివర, నట్టనడుమ, మొట్టమొదట అనే జంటలు కూడా ఇదే పని చేస్తున్నాయి.

క్రెసెండో కూడా ఇదే అర్థమా?

దగ్గరి అర్థం. అది సంగీతంలో ధ్వని క్రమంగా హెచ్చడాన్ని తెలిపే ఇటాలియన్ మాట. పెరిగే క్రమానికే ఆ పేరు, శిఖరానికి కాదు. అయినా ‘రీచ్డ్ ఎ క్రెసెండో’ అని శిఖరం అర్థంలో రాయడం ఆంగ్లంలో వాడుకైపోయింది. పరీక్షలో జాగ్రత్తగా రాసేవారు ‘రోజ్ ఇన్ ఎ క్రెసెండో’ అంటే చాలు.

విద్యార్థులు తరచుగా చేసే తప్పులు ఏవి?

‘ఇంటెన్సిఫై మోర్’ అనడం మొదటిది. మోర్ ఆ క్రియలోనే ఉన్నది. ‘ఇంటెన్సిఫైడ్ ఇన్ ఎ సైక్లోన్’ అనడం రెండవది; ఒక మెట్టు నుంచి ఇంకొక మెట్టులోకి మారినప్పుడు ‘ఇంటు’ రావాలి. ధరలకు, జనాభాకు, మార్కులకు ఈ క్రియను వాడటం మూడవది. ఇంటెన్షన్ అనే మాటతో కలిపివేయడం కూడా జరుగుతుంటుంది. రెండింటికీ మూలం ఒకటే అయినా ఇంటెన్షన్ అంటే ఉద్దేశం.

దీనికి వ్యతిరేక పదం ఏది?

ఇదీ విషయాన్ని బట్టి మారుతుంది. నొప్పికి ఈజ్, సబ్‌సైడ్, గాలివానకు అబేట్, ఉద్రిక్తతకు డీ-ఎస్కలేట్. తుపాను బులెటిన్లలో మాత్రం ‘వీకెన్డ్ ఇంటు’ అనే ఒక్క పదబంధమే కనిపిస్తుంది, అది కూడా మెట్లు దిగడాన్నే చెబుతుంది: తీవ్ర తుపాను నుంచి తుపానుకు, తుపాను నుంచి తీవ్ర వాయుగుండానికి. తీరం దాటిన వ్యవస్థకు సముద్రపు ఆవిరి అందదు కనుక సాధారణంగా ఈ మెట్లు కొన్ని గంటలలోనే దిగుతుంది. అప్పుడు కూడా దానిలోని తేమ మిగిలే ఉంటుంది. లోతట్టు మండలాలలో, సోమశిలకు ఎగువన పెన్నా పరీవాహకంలో వాన కురిసేది చాలాసార్లు ఈ దశలోనే. ‘వీకెన్డ్’ అన్న మాట వెనుక వచ్చే వర్షపాత హెచ్చరికను, జలాశయం నుంచి నీటి విడుదల సమాచారాన్ని కలిపి చదివిన తరువాతనే నదీతీర గ్రామాల వారు ఇళ్ళకు తిరిగి వెళ్ళడం గురించి నిర్ణయించుకోవాలి.